మీకు ఆలస్యంగా తెలిసినదాన్ని ఇంకొకరికి ముందే చెప్పడం ఎలా

కీమో వల్ల తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చని, అందుకే అది మొదలయ్యే ముందే వీర్యం దాచిపెట్టుకోవచ్చని నాకు నాలుగో విడత కీమో అప్పుడు తెలిసింది. చెప్పింది డాక్టరు కాదు, పక్క బెడ్‌లో ఉన్న అన్న. "నీకు చెప్పలేదా తమ్ముడూ? నేను మొదటి కీమోకి ముందే వెళ్లి ఇచ్చొచ్చా" అన్నాడు. అప్పుడు నాకు 20 ఏళ్లు, మోకాలి పైన ఎముకలో ఆస్టియోసార్కోమా, అంటే ఎముక క్యాన్సర్. ప్రాణం దక్కితే చాలు అనే కంగారులో ఎవరికీ ఆ సంగతి తట్టలేదేమో, లేదా అంత చిన్న కుర్రాడితో ఆ మాట ఎలా ఎత్తాలో తెలియలేదేమో. ఒక్క పూటలో అయిపోయే పని. ఆ పూట ఎవరైనా నా పక్కన కూర్చుని ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేదన్న బాధ ఇప్పటికీ పోలేదు. నేను ఈ పనిలోకి వచ్చింది ఆ బాధతోనే.

మీరు కూడా చిన్న వయసులోనే క్యాన్సర్ ట్రీట్‌మెంట్ పూర్తి చేసుకుని, మళ్లీ కాలేజీకో ఉద్యోగానికో వెళ్తూ, "నాలాంటి వాళ్లకు ఏదైనా చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి" అని ఆలోచిస్తుంటే ఇది మీకోసమే రాస్తున్నా. దీన్ని పేషెంట్ అడ్వొకేట్ అంటారు, అంటే రోగి తరఫున నిలబడి అడిగే మనిషి. మన దగ్గర అడ్వొకేట్ అనగానే నల్లకోటు లాయరే గుర్తొస్తాడు కాబట్టి, ఆసుపత్రిలో నేను "నాకూ వచ్చి తగ్గిందండీ, తోడుగా ఉంటాను" అని మాత్రమే చెప్తాను. ఆ మాట చాలు, మనుషులు పక్కకు జరిగి చోటిస్తారు.

మన వయసు వాళ్లే ఎందుకంటారా? వైద్యంలో 15 నుంచి 39 ఏళ్ల మధ్య వాళ్లను ఒక ప్రత్యేకమైన గుంపుగా చూస్తారు. పిల్లల వార్డులో బొమ్మలుంటాయి, పెద్దవాళ్ల వెంట కొడుకులూ కూతుళ్లూ ఉంటారు. మధ్యలో ఉన్న మనకు మాత్రం పరీక్షలు, హాజరు, మొదటి ఉద్యోగం, పెళ్లి సంబంధాలు, పిల్లలు పుడతారా లేదా అన్న భయం, అమ్మానాన్నల అప్పులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ ఇబ్బంది పడినవాళ్లకే దాని గురించి ఏం అడగాలో తెలుస్తుంది.

ముందుగా చెప్పాల్సింది, ట్రీట్‌మెంట్ అయిపోయిన మర్నాడే ఈ పని మొదలుపెట్టొద్దు. నేను మొదలుపెట్టి దెబ్బతిన్నా. చివరి కీమో అయిన రెండో నెలలో, కీమో ఎక్కించి అదే రోజు ఇంటికి పంపే డే కేర్ వార్డుకు వెళ్లా. ఒకమ్మాయికి డాక్సోరుబిసిన్ ఎక్కుతోంది, అదే ఎర్ర మందు. ఆ రంగు చూడగానే నాకు వాంతి వచ్చేసింది. ఓదార్చడానికి వెళ్లిన నన్ను ఆ అమ్మాయి వాళ్లమ్మ పట్టుకుని నీళ్లు తాగించాల్సి వచ్చింది. ఎన్నాళ్లు ఆగాలన్న దానికి లెక్కేమీ లేదు, నా మట్టుకు నాకు ఏడాది దాటింది. స్కాన్ దగ్గర పడుతుంటే నిద్ర పట్టని రోజులు మొదటి రెండేళ్లూ ఉంటాయి, ఆ వారాల్లో వేరేవాళ్ల పని పెట్టుకోవద్దు. డే కేర్‌లో ఒక అరగంట ఎవరితోనూ మాట్లాడకుండా ఊరికే కూర్చుని చూడండి. స్పిరిట్ వాసన, సెలైన్ స్టాండ్ల చప్పుడు, మెషిన్ కూత, వీటిని తట్టుకోగలిగితే రెండోసారి వెళ్లండి. లేకపోతే ఇంటికి వచ్చేయండి, అందులో తప్పేమీ లేదు, ఇంకో ఆరు నెలల తర్వాత చూసుకోవచ్చు. ఇంకో మాట, మీ డాక్టర్‌కు చెప్పి మొదలుపెట్టండి, మీ రక్తకణాల కౌంట్లు, మీ ఆరోగ్యం వార్డుల్లో తిరగడానికి బాగున్నాయో లేదో ఆయనకే తెలుస్తుంది.

ఈలోగా చేయాల్సిన పని ఒకటుంది, మీ ఫైలు మీరు సర్దుకోవడం. ఇది చిన్న పని అనుకుంటారు గానీ నా దృష్టిలో సగం శిక్షణ ఇక్కడే అయిపోతుంది. డిశ్చార్జి సమ్మరీలు, బయాప్సీ రిపోర్టు, స్కాన్ సీడీలు, ఏ మందు మొత్తం ఎంత డోసు ఎక్కింది, ఆపరేషన్‌లో ఏం తీశారు, లోపల ఏం పెట్టారు, ఇవన్నీ తేదీల వరసలో పెట్టి, పైన ఒక్క పేజీలో ట్రీట్‌మెంట్ సమ్మరీ రాయించుకోండి. ఎందుకంటే కీమో మందుల్లో డాక్సోరుబిసిన్ గుండె మీద, సిస్‌ప్లాటిన్ చెవుల మీద, కిడ్నీల మీద, ఐఫాస్ఫమైడ్ కూడా కిడ్నీల మీద ప్రభావం చూపొచ్చు, అది ఏళ్ల తర్వాత బయటపడొచ్చు. అప్పుడు కొత్త డాక్టర్‌కు ఈ ఒక్క పేజీయే ఆధారం. రికార్డులు ఇవ్వడానికి తిప్పుతుంటే గొడవ పడక్కర్లేదు. రోగి గానీ, రోగి తరఫు వాళ్లు గానీ అడిగిన 72 గంటల్లోపు రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నాటి నిబంధనల్లోనే ఉంది. తేదీ వేసి, రాతపూర్వకంగా అడిగి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. ఇది మీకోసం ఒకసారి చేసుకుంటే చాలు, రేపు ఇంకొకరికి చేయించడం మీకు వచ్చేసినట్టే.

తర్వాత ఒక నోటుబుక్కు తీసుకోండి. "నాకు ఆలస్యంగా తెలిసినవి" అని పైన రాసి, గుర్తొచ్చినవన్నీ కింద రాస్తూ పోండి. మీ పోరాటం, మీ ధైర్యం, అమ్మ కన్నీళ్లు ఇవన్నీ నిజమే, వాటిని ఎక్కడైనా రాసుకోవచ్చు, కానీ కొత్తగా బయాప్సీ రిపోర్టు చేతిలో పట్టుకుని నిలబడ్డవాడికి ఆ రోజు కావాల్సింది అది కాదు. నా పుస్తకంలో మొదటి పేజీలో ఉన్నవి ఇవి: కొత్తగా నొప్పి, గడ్డలాంటి వాపు ఉన్నచోట ఎక్స్‌రే తీయించకుండా మర్దన చేయించకూడదు (ఆటలో తగిలిన దెబ్బ అనుకుని మేం రెండు నెలలు కట్టు కట్టించాం, నూనె రాయించాం). వేరే ఆసుపత్రికి మారేటప్పుడు రిపోర్టు ఒక్కటే సరిపోదు, బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో దాచినవి) కూడా అడిగి తీసుకెళ్లాలి, లేకపోతే ముక్క మళ్లీ తీస్తారు. మొదటి కీమోకి ముందే పిల్లల విషయం అడగాలి, మగవాళ్లకు ఒకటి రెండు పూటల పని, అమ్మాయిలకు అండాలు దాచాలంటే దాదాపు రెండు వారాలు పట్టొచ్చు, అందుకే మొదటి రోజే అడగాలి. కాలేజీలో హాజరు తగ్గితే మెడికల్ సర్టిఫికెట్‌తో మినహాయింపు అడగొచ్చు, సెమిస్టర్ పోయాక కాదు, పోకముందే.

రైలు సంగతి కూడా ఆ పేజీలోనే ఉంది. ట్రీట్‌మెంట్‌కు గానీ చెకప్‌కు గానీ వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో టికెట్టు ఉచితం, తోడు వెళ్లేవాళ్లకు వాటిలో 75 శాతం రాయితీ. రైల్వే వాళ్ల నిర్ణీత ఫారం మీద ఆసుపత్రి నుంచి సర్టిఫికెట్ ఉండాలి. మా నాన్న, నేను ఐదు నెలల పాటు పూర్తి చార్జీ పెట్టి తిరిగాం. ఆ డబ్బు కన్నా, అడగాలని కూడా తెలియకపోవడం ఎక్కువ బాధ పెట్టింది.

ఇక అసలు పని, కాగితాలు. నన్ను అడిగితే వార్డులో మనిషికి ధైర్యం చెప్పడం కన్నా కింద కౌంటర్ దగ్గర కాగితం సరిచేయించడమే పెద్ద సాయం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, కేంద్ర ప్రభుత్వానిది 2018 నుంచి ఆయుష్మాన్ భారత్ ఉంది. పథకాల పేర్లు అందరికీ తెలుసు, ఆగిపోయేది మాత్రం చిన్నచిన్న చోట్ల. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉంటుంది. పెళ్లయిన అమ్మాయి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోతుంది, అత్తగారింటి కార్డులో ఎక్కదు. ఫోన్ నంబరు మారిపోయి ఓటీపీ రాదు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో (అంటే పథకంలో ఉన్న ఆసుపత్రిలో) పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర కౌంటర్ ఎక్కడుందో తెలియక నేరుగా డబ్బు కట్టేసి, తర్వాత వచ్చి అడుగుతారు. పథకం కింద ముందస్తు అనుమతి రావాలి, మందు ఎక్కించాక కాదు. ఏ రాష్ట్రం కార్డు ఏ ఆసుపత్రిలో, ఏ వైద్యానికి నడుస్తుందో అడ్మిషన్ కన్నా ముందే ఆ కౌంటర్లో అడిగించండి. పథకంలో లేని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ (ఆ ఖర్చు ఆసుపత్రికి ప్రభుత్వం కడుతుందని ఇచ్చే లేఖ) అడగొచ్చు, దానికి ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా, ఎమ్మెల్యే లేదా ఎంపీ సిఫారసు లేఖ కావాలి, అదీ ట్రీట్‌మెంట్‌కు ముందే. నేను ఓపీకి వెళ్లేటప్పుడు సంచిలో స్టాప్లర్, రెండు పెన్నులు, తెల్ల కాగితాలు, చార్జర్ పెట్టుకుంటా. చదువు రానివాళ్లకు ఫారం నింపి, వాళ్లకు తిరిగి చదివి వినిపించి, అప్పుడే సంతకం పెట్టించండి.

దూరం గురించి కూడా తెలుసుకోండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వస్తారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లకు విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉందని, రాయలసీమ వాళ్లకు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ ఉందని చాలామందికి ఎవరూ చెప్పరు. ఎక్కడికి వెళ్లాలో నిర్ణయం వాళ్లది, డాక్టర్లది. దగ్గర్లో ఇంకోటి ఉందని తెలిస్తే కదా అడిగేది.

ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు అన్నది నాకు తప్పులు చేసే కొద్దీ వచ్చింది. మందు గురించి మాట్లాడొద్దు. "నాకు ఇదే మందు పనిచేసింది" అన్నా తప్పే, ఎందుకంటే ఒకే పేరున్న క్యాన్సర్ కూడా ఇద్దరిలో ఒకేలా ఉండదు. బొప్పాయి ఆకు రసం, పసుపు, గోమూత్రం, వాట్సాప్‌లో వచ్చే కషాయాలు, వీటి గురించి అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. కసురుకోవద్దు, భయంతోనే అడుగుతున్నారు. "ఏం తాగుతున్నా డాక్టర్‌కు దాచకుండా చెప్పండి, కొన్ని కీమోతో పడవు, పదండి కలిసి అడుగుదాం" అనండి. "ఏడవకు", "పాజిటివ్‌గా ఉండు" అని కూడా నేను మానేశా. ఏడుపొస్తున్న మనిషి పక్కన ఊరికే కూర్చోవడం కష్టం, కానీ అదే చేయాలి. జలుబు, దగ్గు ఉన్నరోజు వార్డుకు అసలు వెళ్లొద్దు, కౌంట్ పడిపోయిన మనిషికి మీ జలుబు కూడా ప్రమాదమే.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఇరకాటంలో పెట్టేది "వాడికి చెప్పొద్దు నాయనా" అనే మాట. మన ఇళ్లల్లో ఇది ఎక్కువ. 22 ఏళ్ల కొడుక్కి గడ్డ అని చెప్పి కీమో ఎక్కిస్తుంటారు, వాడు ఫోన్‌లో మందు పేరు కొట్టి అప్పటికే అంతా చదివేసి ఉంటాడు, అమ్మానాన్నలు బాధపడతారని వాడూ తెలియనట్టే ఉంటాడు. ఇద్దరూ వేర్వేరుగా ఏడుస్తుంటారు. మీరు వెళ్లి చెప్పేయొద్దు, ఆ హక్కు మీది కాదు. నేనైతే ఆ తండ్రిని పక్కకు తీసుకెళ్లి ఇలా చెప్తా: "పెద్దాయనా, నా అంతట నేను చెప్పను. కానీ వాడు నన్ను నేరుగా అడిగితే అబద్ధం మాత్రం చెప్పలేను, డాక్టర్‌గారిని అడుగుదాం పద అంటాను. నాకు నా జబ్బు పేరు తెలిసిన రోజు భయమేసింది, కానీ అంతకుముందు వారం రోజులు ఎవరూ ఏమీ చెప్పకపోతే ఇంకా ఎక్కువ భయమేసింది." చాలామంది రెండు రోజులు ఆలోచించుకుని, డాక్టరుతో కలిసి చెప్పడానికి ఒప్పుకుంటారు. ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు, అక్కడితో మనం ఆగాలి. కొడుకు చదువుకున్నవాడు, అన్నీ అర్థం చేసుకునేవాడు అయినప్పుడు ఆగడం ఇంకా కష్టంగా ఉంటుంది, అయినా ఆగాలి, ఆ తర్వాత డాక్టర్‌కు లేదా కౌన్సెలర్‌కు ఆ విషయం తెలియజేయడం మీరు చేయగలిగిన పని.

మీ పేరుతో బయటికి రావాలా వద్దా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. నేను ఒక కార్యక్రమంలో మాట్లాడిన వీడియో చూసి మా చెల్లికి చూస్తున్న సంబంధం వాళ్లు "వీళ్ల వంశంలో ఉందట" అని వెనక్కి వెళ్లారు. చాలా క్యాన్సర్లు వంశం నుంచి వచ్చేవి కావు, కొన్ని మాత్రమే అలా వస్తాయి, అంటుకునేది ఏదీ కాదు, ఇదంతా మనకు తెలుసు, ఊరికి తెలియదు. చెల్లి నాతో "నువ్వు మాట్లాడు అన్నయ్యా, అలాంటి ఇల్లు మనకొద్దు" అంది. కానీ ముందే అడగలేదన్న తప్పు నాదే. ఫొటోల విషయంలో ఇంకా జాగ్రత్త, జుట్టు ఊడిన ముఖాన్ని విరాళాల కోసం పెట్టే ముందు ఆ మనిషిని, పదిహేనేళ్ల పిల్లయినా సరే, "రేపు నీ క్లాసువాళ్లు చూస్తారు, సరేనా" అని అడగండి. ఒకసారి పెట్టింది వెనక్కి తీసుకోలేం. డబ్బు మీ అకౌంట్‌లోకి ఒక్క రూపాయి కూడా రానివ్వొద్దు, ఇచ్చేవాళ్లను ఆసుపత్రి బిల్లుకే నేరుగా కట్టమనండి. మందుల కంపెనీ ప్రయాణ ఖర్చులిచ్చి మాట్లాడమంటే, ఎవరు ఖర్చు పెట్టారో మొదటి మాటలోనే చెప్పండి, లేదా వద్దనండి.

ఒంటరిగా చేయాలనుకోవద్దు, ఈ దారిలో ముందు నడిచినవాళ్లున్నారు. ముంబయిలో వందనా గుప్తా తనకు క్యాన్సర్ తగ్గాక 1994లో వీ కేర్ ఫౌండేషన్ పెట్టారు. పూనమ్ బగాయ్ తనకు క్యాన్సర్ వచ్చి తగ్గాక 2004లో ఢిల్లీలో పిల్లల కోసం క్యాన్‌కిడ్స్ మొదలుపెట్టారు, అందులో చికిత్స అయిపోయి పెద్దవాళ్లయిన కుర్రాళ్లకు వేరే గుంపు ఉంది. ఇండియన్ క్యాన్సర్ సొసైటీ నీడలో చిన్నప్పుడు జబ్బును దాటినవాళ్లు 2009లో ఉగమ్ అనే బృందంగా కూడారు. యువరాజ్ సింగ్ 30 ఏళ్ల వయసులో చికిత్స చేయించుకుని 2012లో యువీకెన్ అనే సంస్థ పెట్టారు. అమెరికాలో ఫిట్జ్‌హ్యూ మల్లన్ అనే యువ డాక్టరు తన ఛాతీలో క్యాన్సర్ గడ్డ ఉందని 32 ఏళ్లప్పుడు తెలుసుకుని, ట్రీట్‌మెంట్ అయ్యాక మిగిలే జీవితాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదని గట్టిగా రాశారు, 1986లో అక్కడ మొదలైన సర్వైవర్ల (క్యాన్సర్‌ను దాటినవాళ్ల) కూటమి వెనక ఆయన ఉన్నారు. జబ్బు తెలిసిన రోజు నుంచే మనిషిని సర్వైవర్ అనాలని చెప్పింది ఆ కూటమే. మీకు దగ్గర్లో ఇలాంటి గుంపు ఉంటే ముందు ఆరు నెలలు వాళ్ల వెంట తిరగండి, వాళ్లు ఎలా వింటారో చూడండి.

ఒకరిద్దరికి తోడుండటం అలవాటయ్యాక, అందరికీ పనికొచ్చే మార్పు ఒకటి అడగండి. ఒక్కటే. చిన్నది. నేను అడిగింది మొదటి కీమోకి ముందు ఇచ్చే కాగితం తెలుగులో ఉండాలని, అందులో పిల్లల విషయం ఒక లైను ఉండాలని. ముందు నర్సింగ్ ఇన్‌ఛార్జి అక్కతో మాట్లాడా, "సార్లు ఒప్పుకోవాలి" అంది. సోషల్ వర్కర్ ద్వారా సూపరింటెండెంట్‌కు ఉత్తరం ఇచ్చాం, ముగ్గురు సర్వైవర్లం సంతకాలు పెట్టాం. ఎవరు తప్పు చేశారని రాయలేదు. ఏం కావాలో, దానికి ఎంత ఖర్చో, అనువాదం మేమే చేస్తామని రాశాం, ఒక డాక్టరుగారిని సరిచూడమని కోరాం. మూడుసార్లు గుర్తు చేయాల్సి వచ్చింది. ఎనిమిది నెలలు పట్టింది. కోపంతో వెళ్లి ఉంటే ఆ కాగితం వచ్చేది కాదని నా నమ్మకం, అలాగని గుర్తు చేయడం మానేసినా వచ్చేది కాదు.

మీరు తోడున్న వాళ్లలో కొందరు వెళ్లిపోతారు. ఇది ముందే తెలుసుకుని దిగండి. నాకు వీర్యం దాచుకునే సంగతి చెప్పిన పక్క బెడ్ అన్న కూడా లేడు. వార్త వచ్చిన వారం నేను వార్డుకు వెళ్లను, వాళ్ల ఇంటికి వెళ్తా, పెద్దకర్మకు వెళ్తా, మా కుర్రాళ్లతో కూర్చుని ఆ మనిషి గురించి మాట్లాడుకుంటాం. "నేను మిగిలాను, వాడెందుకు వెళ్లాడు" అనే ఆలోచన నిద్ర పట్టనివ్వకపోతే 14416కు ఫోన్ చేయండి, అది టెలీమానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రాత్రి తొమ్మిది తర్వాత నా ఫోన్ ఆఫ్‌లో ఉంటుందని అందరికీ ముందే చెప్తా, అత్యవసరమైతే ఆసుపత్రి నంబరుకే చేయాలని కూడా.

మొన్న సోమవారం ఓపీలో ఒక కుర్రాడు, డిగ్రీ రెండో సంవత్సరం, వాళ్ల నాన్నను టీ తాగి రమ్మని పంపించి నా దగ్గరకొచ్చాడు. చేతిలో ఆ తెలుగు కాగితం ఉంది. మూడో లైను మీద వేలు పెట్టి, తల ఎత్తకుండానే, "అన్నా, దీనికి ఎక్కడికి వెళ్లాలి?" అని అడిగాడు. కీమో బుధవారం. ఆ మధ్యాహ్నమే ఇద్దరం ఆటో ఎక్కాం.